విద్యుత్తు నిచ్చుట, ఆపుట: ఒక ప్రోగ్రాము పరీక్ష



సెల్‌ఫోనులోనైనను, బడిపిల్లలు వాడు చిన్న కంప్యూటరులోనైనను ప్రధానమైనది చిప్ అను వ్రేలిగోరంత పలక. దానిలో పలుభాగములు కలవు. బొమ్మలు గీయునది యొకటి, కెమెరాను చూచుకొనునది యొకటి, లెక్కలు చేయునది యొకటి. ఇవి పనిలేక యూరకున్నను విద్యుత్తు కొంచెము కొంచెముగా కారిపోవుచునే యుండును. అడుగున సన్నని చిల్లిగల కుండను ముట్టకున్నను నీరు తరుగునట్లే యిది. దీనిని నిలుపవలెనన్న ఆ భాగమునకు విద్యుత్తునే ఆపివేయవలెను. అట్లు వేరుగా ఇచ్చుటకును ఆపుటకును వీలుగా ఏర్పరచిన భాగమును ఇంజనీరులు పవర్ డొమైన్ అందురు. నేను సులభముగా నుండుటకై గది యనెదను.

ఏ గదికి ఎప్పుడు విద్యుత్తు ఇయ్యవలెనో, ఎప్పుడు ఆపవలెనో చూచునది డ్రైవర్ అను చిన్న ప్రోగ్రాము. యంత్రమంతటికి పెత్తనము చేయునది కెర్నెల్ అను పెద్ద ప్రోగ్రాము. 1991వ సంవత్సరమున ఫిన్లండుదేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లైనక్స్ కెర్నెల్‌నే నేడు ఆండ్రాయిడ్ ఫోనులు వాడుచున్నవి. దానిని పలుదేశములవారు కలిసి వ్రాయుచున్నారు. ఒకరు వ్రాసిన డ్రైవరును ఇతరులు చదివి సమ్మతించిన పిమ్మటగాని అందులో చేర్చరు. అట్లు చదువువారిలో నేనొకడను.

ఉదాహరణమునకు, 2012లో ఇంగ్లండున వెలువడిన రాస్ప్‌బెర్రీ పై అను చిన్న కంప్యూటరులోని బ్రాడ్‌కామ్ చిప్ డ్రైవరును తీసికొందము. దాని పాఠమును ఎవరైనను చదువుకొనవచ్చును. విద్యుత్తు నిచ్చుట యనగా మీట నొక్కుటయే కదా యని తోచును. కాని ఒక్కసారిగా ఎక్కువ వదలినచో, విద్యుత్తు నిలకడగా అందినదని తెలుపు గుర్తు రాకయే పోవచ్చును. కావున డ్రైవరు 3.5 మిల్లీ ఆంపియర్లతో మొదలిడి, చాలనిచో 5, 10, 20 వరకు పెంచును. కాలువ తూమును మెట్టుమెట్టుగా నెత్తుట వంటిదిది. ఒక్కొక్క మెట్టున 3 మైక్రోసెకండ్లు, అనగా సెకండును 10 లక్షల భాగములు చేసినచో అందు 3 భాగములు మాత్రమే, గుర్తుకై వేచియుండును. గుర్తు వచ్చిన పిమ్మట విద్యుత్తునకు పెట్టిన అడ్డును తీయును. తరువాత జ్ఞాపకస్థానములను సరిచేయించును. కడపట గది పనికి పెట్టిన అడ్డును తీయును. ఈ అడ్డు లేల? విద్యుత్తు లేని గదినుండి వచ్చు తీగలపై నిలకడలేని సంకేతము లుండును. అవి ప్రక్కగదికి పోయినచో అచ్చటి పని చెడును. అందుచేత ఆపునప్పుడు ముందు అడ్డులు పెట్టి, చివరకే మీట తీయవలెను.

వరుసను సరిచూచుట పరీక్షలో తేలికయైన భాగము. వ్రాసినవాడు తన బల్లపై నడపి చూచియే పంపును. నేను ఎక్కువసేపు చదువునది పని చెడినప్పటి దారిని. గుర్తు ఎన్నటికిని రానిచో ఏమగును? హద్దులేక వేచియున్నచో యంత్రమే బిగుసుకొనును. హద్దు దాటగనే ఊరక వెనుదిరిగినను చాలదు. చేసినదానిని చివరినుండి మొదటికి విప్పుకొని రావలెను. ఈ డ్రైవరులో జ్ఞాపకస్థానములకు ఇచ్చిన గడువు మించినచో, తీసిన అడ్డును మరల పెట్టి, అటుపిమ్మట మీట తీసి, పని కాలేదని పైకి తెలుపును. అట్లు చేయనిచో గది సగము తెరచియుండును. ఎవరికిని పనికిరాదు, విద్యుత్తు మాత్రము పోవుచుండును.

రెండవ ప్రశ్న, గదిని ఎవరు వాడుచున్నారని. ఈ చిప్‌లోనే చిత్రముల గదిలోపల మూడు చిన్నగదులు కలవు. వానిలో ఒక్కటి పనిలో నున్నను పెద్దగదికి విద్యుత్తు ఆపరాదు. ఈ లెక్కను ప్రతి డ్రైవరును వేరుగా వ్రాసికొన నక్కరలేకుండ 2011లో రఫాయెల్ వైసోత్స్కీ కెర్నెల్‌లో ఉమ్మడి యేర్పాటు చేసెను. అయినను ఏ గది దేనిలోపలిదో డ్రైవరే చెప్పవలెను. అది తప్పుగా చెప్పినచో ఎవరో విద్యుత్తులేని గదిని పలుకరింతురు; కొన్ని చిప్‌లలో ఆ బదులుకై యంత్రమంతయు నిలిచిపోవును.

మూడవది, యంత్రము మేల్కొనునప్పటి స్థితి. కెర్నెల్ రాకమునుపే తొలి ప్రోగ్రాము కొన్ని గదులకు విద్యుత్తు ఇచ్చియుండవచ్చును. ఈ డ్రైవరు ముందది చూచి, ఇచ్చియున్నచో కదలింపక విడుచును.

సమాధానములు కుదిరినచో 'రివ్యూడ్ బై' అను పంక్తిలో నా పేరు చేర్చెదను. కెర్నెల్‌వారి నియమము ననుసరించి అది పూచీ కాదు. చదివితిని, లోపములు తెలిపితిని, చేర్చదగినదని నమ్ముచున్నాను అని మాత్రమే అర్థము. మీ గ్రామములలో దస్తావేజుపై సాక్షి వ్రాలు చేసినవాడు జామీనుదారు కాడు. అయినను తగవు వచ్చిననాడు అతనిని పిలువక మానరు. చదువక వ్రాలు చేయువానిని రెండవసారి ఎవ్వరును పిలువరు.

రాత్రి తలాపున పెట్టిన ఫోను తెల్లవారుజామున ఆస్పత్రికి కబురు చేయుటకు కావలసివచ్చును. అప్పుడు దానిలో బ్యాటరీ మిగిలియుండవలెను. తాకినంతనే అది మేల్కొనవలెను. ఆ రెంటికిని ఇట్టి పంక్తులే ఆధారము గనుక వానిని నిదానముగా చదువుచున్నాము.