లెక్క పోతే లెక్క చెప్పేదెవరు?

మా రాయలసీమలో డబ్బును ‘లెక్క’ అంటారు. ప్రొద్దుటూరులో చీటీ వేసే ముందు మా పెద్దోళ్లు అడిగే మొదటి మాట లాభం గురించి కాదు. “ఎవరు నడుపుతాండారు? జామీను ఎవరు?” అని. అదే ఇళ్లలోని పిల్లలు ఫోన్లో క్రిప్టో యాప్ వేసుకునేటప్పుడు మాత్రం “ఏ కాయిన్ పెరుగుతుంది?” అని అడుగుతారు. మా ఇంజనీరింగ్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులోనూ ఇదే. నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి కాబట్టి ఆ ప్రశ్న నాకే వస్తుంది. ఏది పెరుగుతుందో నాకేం తెలుసు! కానీ పెద్దోళ్ల ప్రశ్నే ఎందుకు కరెక్టో వజీర్‌ఎక్స్ కథ చెబుతుంది.

2024 జులై 18న ఈ భారతీయ ఎక్స్‌ఛేంజీ వాలెట్ నుంచి 23 కోట్ల డాలర్లకు పైగా, అంటే మన లెక్కలో దాదాపు 2 వేల కోట్ల రూపాయల క్రిప్టో మాయమైంది. కస్టమర్ల ఆస్తుల్లో ఇది సుమారు 45 శాతం. ఉత్తర కొరియా హ్యాకర్ల పనేనని అమెరికా, జపాన్, దక్షిణ కొరియా 2025 జనవరిలో ప్రకటించాయి. దొంగ ఎవరో తెలిసింది, సరే. మరి కాపలా ఎవరిది?

అసలు గొడవ ఇక్కడే మొదలైంది. ఆ వాలెట్‌కు ఆరు తాళాలు. ఐదు వజీర్‌ఎక్స్ దగ్గర, ఒకటి కస్టడీ కంపెనీ లిమినల్ దగ్గర. డబ్బు కదలాలంటే వజీర్‌ఎక్స్ నుంచి ముగ్గురు, ఆ తర్వాత లిమినల్ ఓకే చెప్పాలి. మా ఆఫీసులోనూ కోడ్ లైవ్‌లోకి పోవాలంటే ఇద్దరు అప్రూవ్ చేయాలి. తేడా వస్తే ఎవరు అప్రూవ్ చేశారో పేరుతో సహా కనిపిస్తుంది. ఇక్కడా అన్ని సంతకాలూ పడ్డాయి. అయినా స్క్రీన్ మీద కనిపించింది ఒకటి, సంతకం పడింది ఇంకోదాని మీద అని వజీర్‌ఎక్స్ చెప్పింది. మా సిస్టమ్‌లోకి ఎవరూ చొరబడలేదని లిమినల్ చెప్పింది. నలుగురు సంతకం పెట్టిన చోట బాధ్యత మాత్రం ఎవరిదీ కాకుండా పోయింది.

కంపెనీ ఎవరిదన్న పంచాయితీ అంతకు ముందే ఉంది. 2022 ఆగస్టులో హైదరాబాద్ ఈడీ, లోన్ యాప్‌ల కేసులో వజీర్‌ఎక్స్ ఖాతాల్లోని 64.67 కోట్ల రూపాయలను ఫ్రీజ్ చేసింది. తర్వాత ఆ ఖాతాలు మళ్లీ తెరుచుకున్నాయి. కానీ ఆ గొడవలో ఇంకో సంగతి బయటపడింది. వజీర్‌ఎక్స్‌ను కొన్నామని 2019లో ప్రకటించిన బైనాన్స్, ఆ కొనుగోలు పూర్తే కాలేదంది. పూర్తయిందని వజీర్‌ఎక్స్ వ్యవస్థాపకుడు నిశ్చల్ శెట్టి వాదించారు. యాప్ వాడేవాళ్లకు యజమాని ఎవరో కూడా తెలియని పరిస్థితి!

హ్యాక్ తర్వాత నష్టాన్ని అందరికీ పంచుదామన్నారు. 55 శాతం వాడుకోండి, 45 శాతం లాక్ అని ప్రతిపాదన. “దొంగలు తీసుకుపోయింది వేరే టోకెన్లు. నా బిట్‌కాయిన్ పోలేదు కదా, నాకెందుకు కోత?” అని బిట్‌కాయిన్ ఉన్నోళ్లు తిరగబడ్డారు. కంపెనీ వెనక్కి తగ్గింది. కేసు మన దేశంలో కాదు, మాతృసంస్థ ఉన్న సింగపూర్ హైకోర్టులో నడిచింది. ఓటింగ్ జరిగింది, కోర్టు ఒకసారి కాదంది, మళ్లీ ఓటింగ్ పెట్టారు. చివరికి 2025 అక్టోబరులో ప్లాన్‌కు ఆమోదం వచ్చింది. అప్పటికి 15 నెలలు. ఆ మధ్యలో కాలేజీ ఫీజున్నా, ఇంట్లో ఆపరేషన్ ఉన్నా అందులోని క్రిప్టో చేతికి రాలేదు.

తెలిసిన ముఖమైతే చాలా అంటే, అదీ చాలదు. కర్నూలు వాళ్లకు కేశవరెడ్డి స్కూళ్ల కేసు గుర్తుండే ఉంటుంది. ఫీజు బదులు డిపాజిట్ కట్టండి, చదువయ్యాక తిరిగిస్తాం అని తీసుకున్న డబ్బు రాలేదని తల్లిదండ్రులు రోడ్డెక్కారు. 2015లో అధినేత అరెస్టయ్యారు. అందుకే పరిచయం మీద నమ్మకంతో పాటు చట్టం కూడా కావాలి. రిజిస్టర్డ్ చీటీకి 1982 చట్టం ఉంది. నడిపేవాళ్లు ముందే సెక్యూరిటీ చూపించాలి. తేడా వస్తే రిజిస్ట్రార్ దగ్గరికి పోవచ్చు. బ్యాంకు మునిగితే 5 లక్షల వరకు ఇన్సూరెన్స్ ఉంది. క్రిప్టోకు ఈ రెండూ లేవు. లాభంపై ప్రభుత్వం 30 శాతం పన్ను తీసుకుంటుంది, నిజమే. కానీ అది గ్యారంటీ కాదు. ఎక్స్‌ఛేంజీలు 2023 నుంచి ఎఫ్‌ఐయూలో రిజిస్టర్ అవ్వాలి. అది దొంగ డబ్బును పట్టుకోవడానికే, మన డబ్బు తిరిగి ఇప్పించడానికి కాదు.

“తాళాలు మన దగ్గరే పెట్టుకుంటే సరి” అంటారు కొందరు. మంచిదే. కానీ ఆ సీక్రెట్ పదాలు పోగొట్టుకుంటే ఫోన్ చేయడానికి కస్టమర్ కేర్ కూడా ఉండదు.

కాబట్టి కొనే ముందు నాలుగు అడగండి. నా కాయిన్ల తాళాలు ఎవరి దగ్గర? నేను ఒప్పందం చేసుకునే కంపెనీ ఏ దేశంలో ఉంది? హ్యాక్ అయితే నష్టం ఎవరిదని టర్మ్స్‌లో రాశారు? ఇప్పుడే కొంత విత్‌డ్రా చేస్తే వస్తుందా? ఇక గ్రూపులో “నన్ను నమ్మి కొను మామా” అని మెసేజ్ పెట్టే ముందు ఒక్క క్షణం ఆగండి. రేపు లెక్క పోతే సింగపూర్ కోర్టుకు పోయే ఓపిక ఎవరికుంటుంది? వాడు నేరుగా మీ ఇంటికే వస్తాడు. “నువ్వే గదప్పా చెప్పింది” అంటాడు. జామీను సంతకం పెట్టకపోయినా, వాడి లెక్కలో జామీను మీరే.