కంటికి ఆనని సైకిల్
చూశానంటాడు డ్రైవరు.. కనపడలేదంటాడు.. రెండూ నిజమే!

అత్తిమంజేరిపేట: తెల్లారకముందే లేచే ఊరిది. కోడి కూసే వేళకే ఏదో ఒక వీధిలో మగ్గం చప్పుడు మొదలవుతుంది. అదే వేళకు రోడ్డు మీదికి సైకిళ్లు వస్తాయి. క్యారియర్‌కు నూలు మూట కట్టుకున్న నేతగాడు, చెరో పక్క పాల క్యాన్లు తగిలించుకున్న రైతు, పూల గంపతో మొదటి బస్సు అందుకోవాలని తొక్కే పెద్దాయన. కాస్త పొద్దెక్కితే బడి పిల్లలు. వీరి పక్కనుంచే పొదటూరుపేట, పళ్లిపట్టు, తిరుత్తణి బస్సులు దూసుకుపోతాయి. నగరి వైపు లారీలు, సీజనులో తిరువాలంగాడు చక్కెర మిల్లుకు చెరకు ట్రాక్టర్లు సరేసరి.

ఎక్కడ సైకిల్‌ను బండి గుద్దినా డ్రైవరు నోట వచ్చే మొదటి మాట ఒకటే. ‘‘నేను చూళ్లేదన్నా.. యాడ్నించి వచ్చినాడో ఏమో!’’ జనం నమ్మరు. కళ్లు నెత్తికెక్కాయా అని తిడతారు. తాగి నడిపేవారు, ఫోను చూస్తూ నడిపేవారు లేకపోలేదు. వారి సంగతి వేరు. తాగని, ఫోను పట్టని డ్రైవరు కూడా ఇదే మాట చెబుతాడు. అది అబద్ధం కాకపోవచ్చు. అతను ఆ వైపు చూశాడు. సైకిల్ అక్కడే ఉంది. కానీ కనపడలేదు. ‘చూసి కూడా చూడని ప్రమాదాలు’ అంటూ పరిశోధకులు వీటిని విడిగానే లెక్కిస్తారు.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో నాలుగు వేల మందికి పైగా సైకిల్ తొక్కేవారే. పల్లెటూరి పాత సైకిలే కానక్కర్లేదు. పెంటియం చిప్ రూపకల్పనలో పాలుపంచుకున్న ఇంటెల్ ఇండియా మాజీ అధిపతి అవతార్ సైనీ 2024 ఫిబ్రవరి 28న నవీ ముంబయిలో తెల్లవారుజామున సైకిల్ తొక్కుతుండగా క్యాబ్ ఢీకొని మరణించారు.

కన్ను గెంతుతుంది

మన కన్ను సినిమా కెమెరాలా ఒక పక్కనుంచి ఇంకో పక్కకు సాఫీగా తిరగదు. గెంతుతుంది. ఒకచోట నిలిచి చూస్తుంది, గెంతి ఇంకోచోట నిలుస్తుంది. గెంతే ఆ క్షణంలో మెదడు చూపును దాదాపు ఆపేస్తుంది. మధ్యలో చూడని ఖాళీని తానే ఊహించి పూరించేస్తుంది. మలుపులో డ్రైవరు కుడికీ ఎడమకూ తల విదిలించి ‘రోడ్డు ఖాళీ’ అనుకుంటాడు చూడండి, అందులో సగం ఖాళీ మెదడు అల్లిందే. లారీ ఆ ఖాళీలో పట్టదు. సైకిల్ హాయిగా పట్టేస్తుంది.

దానికి తోడు బండి నిర్మాణం ఒకటి. ముందు అద్దానికి చెరో పక్క పైకప్పును మోసే కమ్మి ఉంటుంది. ఈ కాలం కార్లలో బోల్తా పడినా లోపలివారికి ఏమీ కాకూడదని దాన్ని మరీ లావు చేశారు. కాస్త దూరంలో సైకిలూ, దానిమీది మనిషీ కలిసి ఆ కమ్మి చాటున దాక్కోగలరు. ఇంకో చిక్కుంది. అడ్డరోడ్డు మీద సైకిలూ, పెద్దరోడ్డు మీద కారూ ఒకే తీరు వేగంతో కూడలికి వస్తుంటే, సైకిల్ ఆ చాటునుంచి బయటికే రాదు. గుద్దుకునేదాకా అక్కడే ఉంటుంది. రెండు పక్కలా పొలాలే, అడ్డుగా గోడైనా లేని చోట పట్టపగలు ప్రమాదం ఎలా జరిగిందని ఆశ్చర్యపోతుంటాం. చాలాసార్లు జవాబు ఆ కమ్మి దగ్గరుంటుంది. డ్రైవరు సీట్లో కాస్త ముందుకు వంగి, మళ్లీ వెనక్కి జరిగి చూస్తే చాలు, చాటు తొలగిపోతుంది. ఎంతమంది చేస్తారు?

భయపడేదాన్నే వెతుకుతుంది

వీటన్నిటికంటే పెద్ద కారణం కంట్లో లేదు, మనసులో ఉంది. 1999లో అమెరికాలో ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు సైమన్స్, చాబ్రిస్ ఒక వీడియో చూపించారు. కొందరు బంతి విసురుకుంటుంటారు, ఎన్నిసార్లు విసిరారో లెక్కపెట్టాలి. మధ్యలో గొరిల్లా వేషం వేసుకున్న మనిషి వచ్చి, గుండెలు బాదుకుని వెళ్తుంది. లెక్కలో మునిగిన వారిలో దాదాపు సగం మంది ఆ గొరిల్లాను చూడనే లేదు! డ్రైవరు కూడా రోడ్డు మీద లెక్కలోనే ఉంటాడు. ఎదురుగా బస్సు వస్తోందా, వెనక లారీ ఓవర్‌టేక్ చేస్తోందా.. తనకు దెబ్బ తగిలించేదాన్నే వెతుకుతాడు. సైకిల్ వల్ల అతనికేం భయం? భయం లేనిది కంటికి ఆనదు. మనుషుల విషయంలోనూ ఇంతే కదా.

ఫిన్లాండ్‌లో రసానెన్, సుమ్మల అనే పరిశోధకులు 1998లో తేల్చిన సంగతి మన ఊరి కుర్రాళ్లు వినాల్సింది. అక్కడ బండ్లు రోడ్డుకు కుడి పక్కన నడుస్తాయి. కుడికి తిరిగే డ్రైవరుకు కార్లు వచ్చేది ఎడమ నుంచి. అటే చూస్తాడు. కుడినుంచి వచ్చే సైకిల్‌ను చూడడు. మన దగ్గర దీన్ని తిరగేయాలి. సందులోంచి పెద్దరోడ్డెక్కి ఎడమకు తిరిగే డ్రైవరు కుడికే చూస్తాడు. రోడ్డు దాటడమెందుకని రాంగ్‌సైడులో ఎడమనుంచి వచ్చే బడిపిల్లవాడు అతని లెక్కలో లేడు. పిల్లవాడేమో ‘కారు నెమ్మదించింది, నన్ను చూశాడు’ అనుకుంటాడు.

సైకిళ్లు తగ్గినకొద్దీ..

ఒకప్పుడు ఈ దారుల్లో సైకిళ్లే రాజ్యమేలాయి. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతం చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వెళ్లిన నాటికి బండి అంటే ఎడ్లబండి, లేదంటే సైకిలే. లైటు లేకపోతే పోలీసులు ఆపేవారు. డబుల్స్ ఎక్కించుకుంటే తంటానే. చక్రానికి రాసుకుంటూ గుర్రుమనే డైనమోలు పెద్దవారికి గుర్తుండే ఉంటాయి. ఇప్పుడు మోటారు సైకిళ్లు వచ్చాయి. డైనమో పోయింది, పోలీసుల పట్టింపూ పోయింది. సైకిల్ మిగిలింది ముసలివారికి, పిల్లలకు. తమిళనాడు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే సైకిళ్ల పుణ్యమా అని ప్లస్‌వన్ పిల్లలే ఇప్పుడు పెద్ద సంఖ్య.

అమెరికా పరిశోధకుడు జాకబ్‌సన్ 2003లో కాలిఫోర్నియా పట్టణాలు, ఐరోపా దేశాల లెక్కలు పోల్చి చూశారు. సైకిళ్లు రెట్టింపైతే ఒక్కొక్కరికి ఉండే ముప్పు మూడోవంతు మేర తగ్గుతోందని తేలింది. నాలుగు కనపడితే అయిదోదాని కోసం కన్ను సిద్ధంగా ఉంటుంది. మన దగ్గర జరిగింది తిరగబడిన కథ. సైకిళ్లు తగ్గాయి, కన్ను మరిచిపోయింది. ఆడికృత్తికకు తిరుత్తణి దారి పొడవునా కావళ్లు నడిచే రోజుల్లో ఇదే డ్రైవర్లు ఎంత జాగ్రత్తగా పోతారో గమనించండి. మనుషులుంటారని ముందే తెలుసు కాబట్టి.

హైదరాబాద్‌లో 2023లో ఔటర్ రింగురోడ్డు వెంట 23 కిలోమీటర్ల పొడవున సోలార్ పలకల నీడలో సైకిల్ ట్రాక్ కట్టారు. మన దారుల్లో తెల్లగీత పక్కనున్న జానెడు మట్టే ట్రాక్. అదీ వాన పడితే బురద.

పసుపు చొక్కా పగటికే

రాత్రి లెక్క ఇంకా కష్టం. గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. చూసి, తెలుసుకుని, కాలు బ్రేకు మీద పడేసరికి సెకనున్నర పోయిందనుకుంటే 25 మీటర్లు గడిచిపోతాయి. బండి ఆగడం ఆ తర్వాత మొదలవుతుంది. ఎదుటి లారీ హైబీమ్ కొడితే నల్ల చొక్కా మనిషి చీకట్లో కలిసిపోతాడు.

డెన్మార్క్‌లో దాదాపు 6,800 మంది సైకిలిస్టులతో చేసిన పరీక్ష 2018లో అచ్చయింది. మెరిసే పసుపు జాకెట్ వేసుకున్నవారికి ఇతర బండ్లతో జరిగిన ప్రమాదాలు మూడోవంతుకు పైగా తగ్గాయి. అయితే ఆ పసుపు మెరిసేది ఎండవేళే. చీకట్లో హెడ్‌లైటుకు అది మామూలు గుడ్డ. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో రాత్రిపూట డ్రైవర్లను పరీక్షిస్తే (2012) నల్లబట్టల సైకిలిస్టును 2 శాతం సార్లే గుర్తించారు. పసుపు జాకెట్‌కు 15 శాతం. లైటు పడితే తిరిగి మెరిసే పట్టీల జాకెట్‌కు 50. అవే పట్టీలు మోకాళ్లకు, చీలమండలకు కూడా కడితే 90! కారణం కదలిక. వీపు మీది మెరుపు రాయో, స్తంభమో కావచ్చు. పైకీ కిందికీ ఆడే రెండు మెరుపులు మాత్రం మనిషి కాళ్లేనని మెదడు చప్పున పోల్చుకుంటుంది.

కొత్త సైకిల్ పెడళ్లకు రిఫ్లెక్టర్లు వస్తాయి. ఆరు నెలల్లో పగిలిపోతాయి, మళ్లీ ఎవరూ వేయించరు. మెరిసే టేపు తెచ్చి పెడళ్లకు, వెనక మడ్‌గార్డుకు, పిల్లల చెప్పుల మడమలకు అంటించడానికి పది నిమిషాలు చాలు. అలాగని భారమంతా సైకిల్ తొక్కే పిల్లవాడి నెత్తిన పెట్టడం న్యాయం కాదు. ప్రాణం తీయగల బండి డ్రైవరు చేతిలో ఉంది. మలుపులో రెండోసారి చూడాల్సింది అతనే.

‘చూళ్లేదు’ అన్నది చట్టం ముందు సాకు కాదు. నిర్లక్ష్యంగా నడిపి ప్రాణం తీస్తే 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను కింద అయిదేళ్ల దాకా శిక్ష పడొచ్చు. సరిహద్దు ఊళ్లలో ఇంకో బెడద ఉంది. గుద్దిన బండి కాసేపట్లో రాష్ట్రం దాటేస్తుంది. నంబరు ఏపీదో, టీఎన్‌దో చూసినవారే ఉండరు. బండి దొరక్కపోయినా పరిహారం ఉంది. 2022 ఏప్రిల్ 1 నుంచి మృతుని కుటుంబానికి రూ.2 లక్షలు, తీవ్రంగా గాయపడితే రూ.50 వేలు ఇవ్వాలి. సైకిల్ తొక్కేవారికీ, నడిచేవారికీ ఇది వర్తిస్తుంది. ముందుగా పోలీసు స్టేషనులో కేసు నమోదు చేయించాలి. దరఖాస్తు రెవెన్యూ డివిజన్ స్థాయిలో ఇవ్వాలి. పళ్లిపట్టు తాలూకా వారికి ఆ కార్యాలయం తిరుత్తణిలో ఉంది.