బలానికి అందని బుట్ట



ఒలింపిక్ క్రీడలు వచ్చినప్పుడల్లా మన ఇళ్ళలో హాకీ గురించీ, పరుగు పందాల గురించీ మాట్లాడుకుంటాము. బాస్కెట్‌బాల్ పోటీలను శ్రద్ధగా చూసేవారు మనలో తక్కువే. నిజానికి క్రైస్తవ కుటుంబాలు తమ సొంత చరిత్రలో భాగంగా తెలిసికోదగిన ఆట ఏదైనా ఉంటే అది ఇదే. వేదాంత విద్య ముగించిన ఒక యువకుడు, ఒక క్రైస్తవ యువజన సంస్థలో, మొరటుతనానికి అలవాటుపడిన కుర్రవాళ్ళను దృష్టిలో ఉంచుకొని కనిపెట్టిన ఆట ఇది. నేడు అది దేశ దేశాల పురుషుల జట్లు, స్త్రీల జట్లు తలపడే మహా పోటీగా ఎదిగింది. ఎలా గెలవాలో ఆ పోటీ మన పిల్లలకు నేర్పుతుంది. ఎలా ఓడిపోవాలో ఇంకా బాగా నేర్పుతుంది. ఆ సంగతులనే ఈ నెల మీతో పంచుకోదలచాము.

పద్నాలుగు రోజుల గడువు

జేమ్స్ నైస్మిత్ గారు 1861లో కెనడా దేశంలో జన్మించారు. తొమ్మిదేళ్ళ ప్రాయానికే తల్లిదండ్రులిద్దరినీ టైఫాయిడ్ జ్వరం తీసికొనిపోయింది. మేనమామ ఇంట పెరిగారు. మధ్యలో చదువు మాని అడవిలో చెట్లు కొట్టే పని చేశారు. తరువాత మళ్ళీ బడికి వెళ్ళి, మాంట్రియల్ నగరంలో డిగ్రీ చదువు, ఆ పైన వేదాంత విద్య పూర్తి చేశారు.

పాదిరి కావలసినవాడు బంతి వెంట పరుగెత్తడమేమిటని ఆనాడు కొందరు ఆయనను తప్పు పట్టారు. అయితే ఒకనాడు ఆటలో తోటి ఆటగాడొకడు కోపంతో బూతుమాట అని, ప్రక్కనే నైస్మిత్ గారు ఉన్నారని గుర్తు వచ్చి క్షమాపణ అడిగాడు. ప్రసంగ వేదిక మీద నుండే కాదు, ఆటస్థలంలో నుండి కూడా మనుషులకు మేలు చేయవచ్చునని ఆయనకు తోచింది.

1891లో ఆయన అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలలో ఉపాధ్యాయులుగా ఉన్నారు. చలికాలం. బయట మంచు. గదిలో కసరత్తులంటే విసిగిపోయిన పద్దెనిమిదిమంది విద్యార్థులు అంతకుముందు ఇద్దరు ఉపాధ్యాయులను అలసిపోయేట్లు చేశారు. పెద్దాయన లూథర్ గ్యూలిక్ గారు నైస్మిత్ గారికి పద్నాలుగు రోజుల గడువిచ్చి, నాలుగు గోడల మధ్య ఆడదగిన క్రొత్త ఆట ఒకటి తయారు చేయమన్నారు.

ఉన్న ఆటలన్నీ ఆయన గది లోపల ఆడించి చూశారు. ఎవరో ఒకరికి దెబ్బలు తగలక తప్పలేదు. అప్పుడాయన కారణం వెదికారు. బంతి పట్టుకొని పరుగెత్తేవాడిని ఆపాలంటే వాడి మీద పడవలసిందే. అందుచేత బంతి చేతిలో ఉన్నవాడు పరుగెత్తరాదన్నది మొదటి నిర్ణయం. గోలు నేల మీద ఉంటే ప్రతివాడూ బలంకొద్దీ విసురుతాడు. అందుచేత గోలు తల కంటె ఎత్తున, నోరు పైకి పెట్టి ఉండాలన్నది రెండవ నిర్ణయం. చిన్ననాడు ఆయన పల్లెలో పిల్లలు బండ మీద పెట్టిన రాయిని మరో రాయితో పడగొట్టే ఆట ఆడేవారు. గట్టిగా విసిరినవాడి కంటె, మెల్లగా వంపుగా విసిరినవాడిదే పైచేయి అయ్యేది. ఆ జ్ఞాపకం ఇక్కడ అక్కరకు వచ్చింది.

పీచ్ పండ్ల బుట్టలు రెండు తెచ్చి పది అడుగుల ఎత్తున ఉన్న వసారా కటకటాలకు మేకులతో కొట్టారు. పదమూడు నియమాలు వ్రాసి గోడకు అంటించారు. తోయకూడదు, పట్టుకోకూడదు, కాలు అడ్డు పెట్టకూడదు, కొట్టకూడదు అన్నది వాటిలో ఒకటి. గాయపరచాలన్న ఉద్దేశంతో చేసినవాడు ఆట ముగిసేవరకు బయట కూర్చోవలసిందే. డిసెంబరు 21న జట్టుకు తొమ్మిదిమంది చొప్పున ఆడిన ఆ మొదటి ఆటలో బంతి ఒక్కసారే బుట్టలో పడింది. ఆ తరగతిలో ఒక జపాను దేశీయుడు కూడా ఉన్నాడు. ఈ ఆటలో అంతర్జాతీయ పోటీలు మొదలుకాకముందే ఆ ఆటస్థలంలో వేరు వేరు దేశాలవారు కలిసి ఆడారు.

బెర్లినులో వాన

1932లో ఎనిమిది దేశాల ప్రతినిధులు జెనీవాలో కూడి అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్యను స్థాపించారు. 1936లో బెర్లిను ఒలింపిక్ క్రీడల్లో పురుషుల బాస్కెట్‌బాల్‌కు చోటు దొరికింది. అప్పటికి నైస్మిత్ గారికి డెబ్బయి నాలుగేళ్ళు. ఈ ఆట పేరున ఆయన ధనం కూడబెట్టుకున్నవారు కారు. ప్రయాణపు ఖర్చులకు అమెరికాలో చందాలు పోగుచేసి ఆయనను పంపించారు. మొదటి ఆటలో బంతిని పైకి ఎగురవేసింది ఆయనే.

ఇరవై ఒక్క దేశాలు ఆడాయి. ఆరుబయట మట్టి కోర్టుల మీద పోటీలు పెట్టారు. చివరి ఆట నాటికి వాన కురిసి నేల బురదయింది. బంతి కొడితే లేవదు. ఆ బురదలోనే అమెరికా 19, కెనడా 8తో ఆట ముగిసింది. ఒకటి ఆయన పుట్టిన దేశం, మరొకటి ఆయన పౌరసత్వం తీసికొన్న దేశం. రెండింటికీ, మూడవదిగా నిలిచిన మెక్సికోకూ ఆయన చేతుల మీదుగానే బహుమానం జరిగింది. 1916లో పాదిరిగా అభిషేకం పొందిన ఆ పెద్దాయన 1939లో కన్నుమూశారు.

స్త్రీలు వేచిన నలభై ఏళ్ళు

ఆట పుట్టిన మరుసటి ఏడే సమీపంలోని పాఠశాల ఉపాధ్యాయినులు వచ్చి తామూ ఆడతామన్నారు. నైస్మిత్ గారు కాదనలేదు. వారిలో ఒకరైన మాడ్ షెర్మన్ గారే తరువాత ఆయనకు భార్య అయ్యారు. లిథువేనియాలో పుట్టి అమెరికాకు వచ్చిన సెండా బెరెన్సన్ గారు 1892లో స్మిత్ కళాశాల విద్యార్థినులకు ఈ ఆట నేర్పారు. 1893లో అక్కడ జరిగిన పోటీకి పురుషులను లోనికి రానివ్వలేదు.

ఇంత త్వరగా మొదలుపెట్టినా స్త్రీల జట్లు ఒలింపిక్ క్రీడల్లో అడుగుపెట్టేసరికి 1976 వచ్చింది. మాంట్రియల్‌లో ఆరు జట్లు మాత్రమే ఆడగా, సోవియట్ యూనియన్ స్వర్ణం, అమెరికా రజతం, బల్గేరియా కాంస్యం పొందాయి. 2024లో పారిస్‌లో పురుషుల జట్లు పన్నెండు, స్త్రీల జట్లు పన్నెండు సమానంగా ఆడాయి. నాలుగేసి జట్లతో మూడు గుంపులు, వాటి నుండి ఎనిమిది జట్లు క్వార్టర్ ఫైనల్‌కు. స్త్రీల బంతి కాస్త చిన్నది. బుట్ట ఎత్తు మాత్రం ఇద్దరికీ పది అడుగులే.

తీసికొనని పతకాలు

కొట్లాటను తగ్గించాలని పుట్టిన ఆటలోకి దేశాల పౌరుషం వచ్చి చేరింది. 1972లో మ్యూనిక్‌లో పురుషుల ఫైనల్ అమెరికా, సోవియట్ యూనియన్‌ల మధ్య జరిగింది. అంతవరకు ఒలింపిక్ క్రీడల్లో అమెరికా ఒక్క ఆటా ఓడలేదు. ఇంకా మూడు సెకండ్లు మిగిలి ఉండగా అమెరికా 50, సోవియట్ 49. ఆ మూడు సెకండ్లను గడియారపు తడబాటు వలన, అధికారుల జోక్యం వలన మరల మరల ఆడించారు. చివరిసారి అలెగ్జాండర్ బెలోవ్ బంతిని బుట్టలో వేశాడు. 51-50. అమెరికా చేసిన ఫిర్యాదును అయిదుగురు సభ్యుల సంఘం మూడు ఓట్లకు రెండు ఓట్లతో త్రోసిపుచ్చింది. అమెరికా ఆటగాళ్ళు పన్నెండుమందీ రజత పతకాలు తీసికొనడానికి రాలేదు. వారిలో ఒకరు తన వారసులు కూడా ఆ పతకాన్ని ఎన్నడూ అందుకోరాదని వీలునామాలో వ్రాయించారు.

వారి బాధలో న్యాయం లేదని మేము అనము. అన్యాయం జరిగిందని నమ్మినవాడి మనస్సు ఎలా రగులుతుందో పొలం గట్టు తగాదాలు చూసిన మనకు తెలియనిదా? అయితే మూడు సెకండ్లలో తగిలిన గాయం వీలునామాలోకి, ఆ తరువాత బిడ్డల మీదికి కూడా పోవటం చూసినప్పుడు మనం ఆగి ఆలోచించాలి. మనం మన బిడ్డలకు అప్పగించి వెళ్ళే ఆస్తిలో ఇటువంటివి ఎన్ని ఉన్నాయి?

వేరే దేశపు గీతం

ఇప్పుడు మరొక జట్టును చూడండి. దక్షిణ సూడాన్ 2011లో స్వతంత్రమైన దేశం. క్రైస్తవులు అధికంగా ఉన్న ఆ దేశం, స్వాతంత్ర్యం వచ్చిన రెండేళ్ళకే అంతర్యుద్ధంలో పడింది. అక్కడి ఆటగాళ్ళలో అనేకులు శరణార్థుల కుటుంబాలనుండి వచ్చినవారు. 2023 ప్రపంచ కప్పులో ఆఫ్రికా జట్లలో ముందు నిలిచి, వారు మొట్టమొదటిసారి ఒలింపిక్ క్రీడలకు అర్హత సంపాదించారు.

2024 జూలై 28న ఫ్రాన్సులోని లిల్ నగరంలో ప్యూర్టోరికోతో వారి మొదటి ఆట. వరుసగా నిలబడ్డారు. వినిపించిన జాతీయ గీతం వారిది కాదు, వారు విడిపోయి వచ్చిన సూడాన్ దేశానిది! ఎంత రక్తం చిందిన తరువాత వచ్చిన వేర్పాటు అది! పొరపాటు తెలిసి పాట ఆపారు. సరియైనది దొరికేవరకు ఆ యువకులు కదలక నిలిచారు. చూడవచ్చినవారు చప్పట్లతో వారికి తోడు నిలిచారు. తమ గీతం మొదలైనప్పుడు గుండె మీద చేయి ఉంచుకొని విన్నారు. తరువాత ఆడి 90-79తో గెలిచారు. మిగిలిన రెండు ఆటలు ఓడి ఇంటికి వెళ్ళారు. అయినా ఆ దేశ ప్రజలకు వారు ఇచ్చి వెళ్ళినది చిన్నదా?

గీత మీద పాదం

అదే పారిస్ క్రీడల చివరి దినమైన ఆగస్టు 11న స్త్రీల ఫైనల్. అమెరికా స్త్రీలు 1992 తరువాత ఒలింపిక్ క్రీడల్లో ఒక్క ఆటా ఓడినవారు కారు. ఎదుట సొంత గడ్డ మీద ఆడుతున్న ఫ్రాన్సు. ఆఖరి క్షణంలో ఫ్రాన్సు మూడు పాయింట్లు వెనుకబడి ఉంది. గాబీ విలియమ్స్ దూరం నుండి విసిరిన బంతి, కాలం ముగిసే గంటతోపాటు బుట్టలో పడింది. మూడు పాయింట్ల గీత అవతల నుండి వేసి ఉంటే ఆట సమానమై మరో అయిదు నిమిషాలు సాగేది. కాని ఆమె పాదం గీత మీద ఉంది. అందువలన రెండు పాయింట్లే. 67-66.

ఆ హాలంతా ఫ్రాన్సు వారే. అయినా గీత గీతే. నియమం ప్రకారం పోరాడనివానికి కిరీటం లేదన్న సంగతి పౌలు తిమోతికి వ్రాసిన రెండవ పత్రిక 2వ అధ్యాయంలో ఉంది. ఫ్రాన్సు స్త్రీలు రజత పతకాలు మెడలో వేసికొని నిలబడ్డారు. ఒక్క పాయింటు తేడాతో ఓడినవారు ఇక్కడా ఉన్నారు, మ్యూనిక్‌లోనూ ఉన్నారు. ఈ రెండు చిత్రాలనూ మీ పిల్లలకు ప్రక్కప్రక్కన పెట్టి చెప్పండి.

మన దేశం, మన ఇల్లు

ఈ ఆట మన దేశంలో వ్యాపించటంలో వై.ఎం.సి.ఎ. పాత్ర పెద్దది. స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే చదివిన హ్యారీ క్రో బక్ గారు 1920లో మద్రాసులో వ్యాయామ విద్యా పాఠశాలను స్థాపించారు. ఆనాడు కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాజధానిలోనివే. మన బడుల్లోని డ్రిల్లు మాస్టార్లకు ఆ పాఠశాలతో ఉన్న సంబంధం పెద్దలకు తెలుసు. భారత పురుషుల జట్టు 1980లో మాస్కోలో ఒలింపిక్ క్రీడల్లో ఆడింది. ఒక్క ఆటా గెలవలేదు, పన్నెండు జట్లలో చివరిదిగా నిలిచింది. మన స్త్రీల జట్టుకు 2024 వరకు ఆ అవకాశమే రాలేదు.

అందుకు కారణాలు అనేకం. ఒకటి మాత్రం మన ఇంట్లోనే ఉంది. ఆడపిల్ల తొమ్మిదో తరగతికి రాగానే ఆట మాన్పిస్తాము. మగపిల్లవాడు పదో తరగతికి రాగానే మాన్పిస్తాము. ఆటను పాపంతో సమానంగా చూసే పెద్దలు మన సంఘాల్లో ఇంకా ఉన్నారు. ఆట వలన ఆదివారపు ఆరాధన మానిపించమని మేము చెప్పటం లేదు. ఆరాధన ముగిసిన తరువాత ఖాళీగా ఉండే గుడి ఆవరణలో ఒక స్తంభం పాతి, పది అడుగుల ఎత్తున ఒక ఇనుప రింగు బిగించటం పెద్ద ఖర్చు కాదంటున్నాము. ఆడపిల్లలకు కూడా అక్కడ వంతు ఉండాలంటున్నాము.

బిడ్డ ఆట నుండి తిరిగి వచ్చినప్పుడు "గెలిచావా?" అని అడగటం మన అలవాటు. దానితోపాటు మరి రెండు ప్రశ్నలు అడగండి. "ఎవరినైనా తోశావా? పడినవాడికి చేయి అందించావా?" నైస్మిత్ గారు బుట్టను అంత ఎత్తున కట్టింది ఈ ప్రశ్నల కొరకే. బలంతో దానిని అందుకోలేము. గురి కావాలి, నిగ్రహం కావాలి, ప్రక్కవాడికి బంతి అందించే మనస్సు కావాలి.

మన బిడ్డలు గెలిచినప్పుడు తల వంచటమూ, ఓడినప్పుడు తల ఎత్తి నిలబడటమూ నేర్చుకొనేలా ప్రభువు మన కుటుంబాలకు సహాయము చేయును గాక.