అంగనవాడి గృహనిర్మాణము – గ్రామస్థులు గమనింపవలసిన విషయములు

విత్తనము మేలైనదే యైనను పదను తప్పినచో పైరు నిలువదని మన రైతులకు మేము చెప్ప నక్కరలేదు. గృహనిర్మాణమును అట్టిదే. ధనము వచ్చినను, అదను, అడుగు, లెక్క తప్పినచో కట్టడము నిలువదు.

1975వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన కేంద్రప్రభుత్వమువారు సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకమును ప్రారంభించిరి. ఆరేండ్లలోపు బిడ్డలకు ఆహారమును, మూడేండ్లు దాటినవారికి ఆటపాటలతో చదువును ఇచ్చు అంగనవాడులు దానివలన గలిగినవే. కట్టడము 600 చదరపు అడుగులకు తక్కువ గాక, కూర్చుండు గది, వేఱు వంటగది, సరకుల గది, చిన్నబిడ్డలకు తగిన మరుగుదొడ్డి, ఆటస్థలము, మంచినీరు కలిగియుండవలెనని నియమము. 2022లో ఒక్కొక్క కట్టడపు వ్యయపరిమితిని 7 లక్షలనుండి 12 లక్షల రూపాయలకు హెచ్చించి, 8 లక్షలు ఉపాధిహామీ పథకమునుండియు, 2 లక్షలు 15వ ఆర్థికసంఘ నిధులనుండియు, 2 లక్షలు శిశుసంక్షేమ శాఖనుండియు రావలెనని విభజించిరి. పని మొదలిడుటకు ముందు నేటి మొత్తమెంతయో, ఏ ఖాతానుండి ఏ పనికి వచ్చునో మండల ఇంజనీరువలన వ్రాతమూలముగ తెలిసికొనవలెను.

ఇక నేల సంగతి. నంద్యాల, కోవెలకుంట్ల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతములయందు నల్లరేగడి విస్తారము. అది తడిసి ఉబ్బును. ఎండి కుంచించుకొని నెఱ్ఱెలు విచ్చును. మేమెఱిగిన యొక గ్రామమున ఇట్టి నేలపై రెండడుగుల పునాదితో బడిగది కట్టిరి. రెండవ వానకాలము గడవకమునుపే గోడలు మూలలయందు పగిలెను. బిడ్డలు మరల వేపచెట్టు క్రిందికే వచ్చిరి. వేసవిలో చేయి దూరునంత నెఱ్ఱెలు ఆ చేలలో ప్రతియేట చూచుచుండియు, నాడు మేము నోరు మెదపలేదు. అందుచేతనే నేడు ఇంతగా చెప్పుచున్నాము.

రేగడిలో పునాదిని నెఱ్ఱెలు దిగు లోతును దాటించి గట్టి గరుసువఱకు త్రవ్వవలెను. గరుసు అందనిచోట అడుగున గుబ్బవలె విప్పారిన కాంక్రీటు స్తంభములు వేయు పద్ధతి గలదు. రూర్కీలోని కేంద్ర భవనపరిశోధన సంస్థవారు దీనిని వృద్ధిచేసిరి. దీనిని ఇంజనీరు సలహాతోనే చేయవలెను. గోడచుట్టు బయటికి వాలుగల గచ్చు వేసి, వాననీరు పునాదిలో ఇంకకుండ చూడవలెను. వంకప్రక్కను, చెరువు అలుగు దిగువను స్థలము కోరరాదు.

పైరుకోతలు ముగిసి బావులలో నీరున్న పుష్యమాసము పని మొదలిడుటకు అనుకూలము. ఎండ హెచ్చినకొలది నీరు కఱవగును. మన సీమ వేడికి కాంక్రీటును 10 దినములకు తక్కువ గాకుండ తడిపియుంచవలెను. ఇందు లోభించినచో సిమెంటు ఎంత పోసినను వ్యర్థమే. ఇసుకను అరచేత నలిపినచో మట్టి అంటరాదు. సిమెంటు బస్తాలను తడినేలపై గాక బల్లలపై నిలువచేయవలెను. నేలకు బేతంచెర్ల, కడప బండలు మనకు సమీపముననే దొరకును; బిడ్డలు జాఱకుండ మిక్కిలి నునుపు చేయనివి పఱచుట మేలు. నిడుపుగోడలు ఉత్తరదక్షిణములకు ముఖముగ నుండినచో పడమటియెండ తగ్గును.

వంటగదిని వేఱుచేయుమను నియమమును ఎవ్వరును తేలికగ తలంపరాదు. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణమున ఒక పాఠశాల వంటచోట పుట్టిన నిప్పు పూరికప్పున కంటుకొని 94 మంది బిడ్డలు మరణించిరి. తలుపులు వెలుపలికి తెఱచుకొనునట్లు పెట్టి, రెండవ దారి నొకటి యుంచవలెను.

తుదకు లెక్క. సంఘమున మనము బాకీపద్దులు వ్రాసినట్లే, వచ్చిన బస్తాలు, ఇసుక బండ్లు, కూలివారి హాజరు ఏనాటి కానాడు ఒక పుస్తకమున వ్రాయవలెను. ఒక తల్లి, ఒక మేస్త్రి, ఒక రైతు దానిపై వ్రాలు చేసి, వారమున కొకమాఱు రచ్చబండయొద్ద చదివి వినిపింపవలెను. పునాది పూడ్చకమునుపే కొలత చూడుడు; పూడ్చినపిదప అడుగున నేమున్నదో ఎవ్వరికిని కానరాదు. అడుగవలసిన మాట అప్పుడే అడుగుడు. ఆ కప్పు క్రింద కూర్చుండువారు మన బిడ్డలే గదా.