పునఃప్రాప్తిని తెలిపే ఆంగ్లక్రియలు – అర్థచ్ఛాయలు: ఖిల్లా ఘణపూర్ పరిసర ఉదాహరణలతో పరిశీలన

వ్యాససంగ్రహం

పోయినదాన్ని తిరిగి పొందడం, చెడినదాన్ని మునుపటి స్థితికి తేవడం అనే అర్థాల్లో ఆంగ్లంలో రికవర్, రీగెయిన్, రిట్రీవ్, రిస్టోర్, రిపేర్, రెనొవేట్, రిక్లెయిమ్, రిడీమ్ వంటి అనేక క్రియలు ఉన్నాయి. తెలుగు అనువాదాల్లో వీటిలో చాలావాటికి ‘పునరుద్ధరించు’ అనే ఒక్క క్రియతో సరిపెట్టడం తరచుగా కనిపిస్తుంది. ఈ క్రియల మధ్య భేదాలను ఖిల్లా ఘణపూర్, ఆలంపురం ప్రాంతాల కోటలు, గుడులు, చెరువులు, భూముల సందర్భంలో పరిశీలించి, ఒక్కొక్కదానికి తగిన తెలుగు క్రియను సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: అర్థచ్ఛాయలు, అనువాదం, పునరుద్ధరణ, జీర్ణోద్ధరణ, చెరువులు, పాలమూరు.

1. ఉపోద్ఘాతం

వనపర్తి జిల్లాలోని ఖిల్లా ఘణపూర్‌కు గుట్టమీది కోట, గణపసముద్రం చెరువు రెండూ గుర్తింపు తెచ్చాయి. వర్ధమానపురం కేంద్రంగా కాకతీయులకు సామంతులై పాలించిన గోన వంశీయులతో ఈ ఊరి చరిత్ర ముడిపడి ఉంది. కోటను 13వ శతాబ్దంలో గోన గణపరెడ్డి కట్టించాడనీ, ఊరికి ఆయన పేరే వచ్చిందనీ ప్రసిద్ధి.

పాత కోటకూ పాత చెరువుకూ కావలసిన సేవ ఒకటి కాదు. కోటలో ఉన్న రాయిని ఉన్నచోట నిలపాలి. కొత్తదనం అక్కడ దోషం. చెరువులో పేరుకొన్న మట్టిని తీసివేయాలి. నీరు నిలవడమే అక్కడ ఫలం. అయినా రెండింటినీ తెలుగులో ‘పునరుద్ధరణ’ అనే అంటారు. ఆగిన విద్యుత్తు మళ్ళీ రావడమూ పునరుద్ధరణే, రద్దయిన పథకం మళ్ళీ మొదలవడమూ పునరుద్ధరణే. మాట విస్తృతి పెరిగేకొద్దీ దాని పదును తగ్గుతుంది. ఆ పదును లేకపోవడం కథలో, కవితలో పెద్ద లోటు కాకపోవచ్చు. భూమికీ నీటికీ సంబంధించిన పత్రాల్లో మాత్రం హక్కు ఎవరిదన్న ప్రశ్ననే తారుమారు చేయగలదు.

2. భేదాన్ని తేల్చే మూడు ప్రశ్నలు

ఈ క్రియలన్నింటికీ ‘మళ్ళీ’ అనే అర్థం గల ఉపసర్గ సామాన్యం. భేదమంతా తరువాతి ధాతువులో ఉంది. దానిని గుర్తించడానికి మూడు ప్రశ్నలు చాలు.

మొదటిది, తిరిగి వచ్చేది వస్తువా, స్థితా? రెండవది, అది ఎవరికి చేరుతుంది, కర్తకా, మరొకరికా? మూడవది, అది ఏ విధంగా పోయింది, దానిని తేవడానికి చేయవలసింది ఏమిటి? వెతకడమా, పోరాడటమా, సొమ్ము చెల్లించడమా, బాగుచేయడమా?

3. రికవర్, రీగెయిన్, రిట్రీవ్

రికవర్‌కు మూలం తిరిగి పొందడమనే అర్థంగల లాటిన్ ధాతువు. ఈ ఒక్క క్రియకు తెలుగులో కనీసం మూడు క్రియలు అవసరమవుతాయి. రోగి జబ్బునుంచి ‘కోలుకొంటాడు’. పోలీసులు దొంగసొత్తును ‘స్వాధీనం చేసుకొంటారు’. అప్పిచ్చినవాడు బాకీని ‘రాబట్టుకొంటాడు’ లేదా ‘వసూలు చేసుకొంటాడు’. 1864నాటి మద్రాసు రెవెన్యూ రికవరీ చట్టం పేరులోని రికవరీ ఈ మూడవ కోవకు చెందినది. అక్కడ తిరిగి పొందేది ప్రభుత్వం, చెల్లించవలసినవాడు రైతు.

1963నాటి నిర్దిష్ట ఉపశమన చట్టంలో ఇదే క్రియ రైతు పక్షాన నిలుస్తుంది. చట్టప్రకారం కాకుండా, తన సమ్మతి లేకుండా స్థిరాస్తినుంచి తొలగింపబడినవాడు ఆరు నెలల లోపల దావా వేసి స్వాధీనాన్ని తిరిగి పొందవచ్చునని దాని 6వ సెక్షను చెబుతుంది. ఇక్కడ ‘స్వాధీనం చేసుకొను’ అని మాత్రమే అనువదిస్తే, పోగొట్టుకొన్నవాడే ఆక్రమించినవాడిలా కనిపిస్తాడు. ‘తిరిగి’ అన్న చిన్నమాటలోనే అతని పూర్వహక్కు ఉంది.

రీగెయిన్‌లో ప్రయత్నం, పోరాటం స్ఫురిస్తాయి. స్పృహ, పట్టు, పరువు, కోల్పోయిన ప్రాంతం వంటివి దీనికి కర్మలవుతాయి. చరిత్రరచనలో ఈ క్రియను జాగ్రత్తగా వాడవలసి ఉంటుంది. గోన గన్నయ అధికారి విఠలనాథుడు ఆదవాని, తుంబళం మొదలైన దుర్గాలను జయించి, రాయచూరులో కోట కట్టించినట్లు 1294నాటి రాయచూరు శాసనం తెలుపుతుంది. దీనిని ‘జయించాడు’ అని చెప్పడం ఒక సంఘటనను చెప్పడం. ‘తిరిగి సాధించాడు’ అంటే మాత్రం ఆ దుర్గాలు అంతకు ముందు కాకతీయులవేనన్న వాదాన్ని కూడా ఒప్పుకొన్నట్లే. ఉపసర్గ వెంట ఒక హక్కు కూడా వాక్యంలోకి ప్రవేశిస్తుంది.

రిట్రీవ్‌కు ‘మళ్ళీ కనుగొను’ అని మూలార్థం. వేటలో కూలిన పక్షిని వెతికి తెచ్చే కుక్కకు ఆంగ్లంలో ఈ క్రియమీదుగానే పేరు వచ్చింది. వస్తువు ఎక్కడో ఉంది, చెడిపోలేదు. చేతికి అందడం లేదు, అంతే. బావిలో పడిన చేదను పాతాళగరిగెతో పైకి తీయడం అచ్చమైన రిట్రీవ్. దీనికి ‘వెతికి తీయు’, ‘వెలికితీయు’ సరిపోతాయి. కంప్యూటరులోని సమాచారం విషయంలోనూ అంతే. అక్కడ ‘పునరుద్ధరించు’ అంటే సమాచారం చెడిపోయిందన్న లేనిపోని అర్థం వస్తుంది.

4. రిపేర్, రెనొవేట్, రిస్టోర్

రిపేర్ ఒక నిర్దిష్టమైన లోపాన్ని సరిచేస్తుంది. తెలుగులో ‘మరమ్మతు’ దీనికి చక్కగా కుదిరిన మాట. రెనొవేట్‌లోని ధాతువుకు ‘కొత్త’ అని అర్థం. పాతదాన్ని కొత్తదిగా చేయడం దాని లక్ష్యం. మునుపటి రూపమే రావాలన్న నియమం లేదు. ‘నవీకరించు’ దానికి తగినది. రిస్టోర్‌కు మునుపటి రూపమే ప్రమాణం. పూర్వరూపం తెలిసినంతవరకే ఆ పని సాగాలి. ఊహ మొదలైనచోట ఆగాలి అన్నది 1964నాటి వెనిస్ ఒడంబడిక నియమం.

ఈ భేదాలకు ఆలంపురం మంచి నిదర్శనం. శ్రీశైలం జలాశయపు ముంపునుంచి కాపాడటానికి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి, ఆలంపురంలో తిరిగి నిలబెట్టారు. రాళ్ళు పాతవి, చోటు కొత్తది. జోగులాంబ ఆలయం సంగతి దీనికి విలోమం. పాత గుడి పోగా బాలబ్రహ్మేశ్వరాలయంలో ఉన్న అమ్మవారికి 2005లో కొత్త ఆలయం సిద్ధమైంది. చోటు పాతది, కట్టడం కొత్తది. మొదటిదానిని ‘తరలించి తిరిగి నిలపడం’ అనీ, రెండవదానిలో కట్టడాన్ని ‘పునర్నిర్మాణం’ అనీ, విగ్రహాన్ని నెలకొల్పడాన్ని ‘పునఃప్రతిష్ఠ’ అనీ వేరువేరుగా చెప్పడానికి తెలుగులో మాటలకు కొదవలేదు. శిథిలమైన గుడిని ఉన్నచోటనే నిలబెట్టడానికి ‘జీర్ణోద్ధరణ’ అనే సంప్రదాయపదం ఉండనే ఉంది.

రిస్టోర్‌కు మరో వాడుక ఉంది: ఒకరి సొత్తును వారికే తిరిగి చేర్చడం. అప్పుడు దానికి ‘తిరిగి అప్పగించు’ సమానార్థకం. ‘భూమిని పునరుద్ధరించారు’ అంటే నేల సారం పెరిగినట్లు. ‘భూమిని తిరిగి అప్పగించారు’ అంటే పట్టాదారుకు చేరినట్లు. చతుర్థీ విభక్తి ఉన్నదా లేదా అన్నది చూస్తే అనువాదకునికి ఈ తేడా దొరుకుతుంది.

5. రిక్లెయిమ్, రిడీమ్

ఈ వర్గంలో అన్నింటికన్నా ప్రమాదకరమైనది రిక్లెయిమ్. దాని మూలార్థం ఎలుగెత్తి పిలవడం. ఎగిరిన డేగను వేటగాడు వెనక్కు పిలవడానికి పూర్వం దీనిని వాడేవారు. ఇప్పుడు దీనికి రెండు ప్రధానార్థాలు. ఒకటి, తనదైనదాన్ని అడిగి తిరిగి తీసుకోవడం. రెండు, నీటికిందనో బీడుగానో ఉన్న నేలను సాగుకు, కట్టడాలకు పనికివచ్చేట్లు చేయడం. ముంబయిలో సముద్రాన్ని పూడ్చి నేలగా మార్చినది ఈ రెండవ అర్థంలోనే.

చెరువు దగ్గర ఈ రెండర్థాలు ఎదురెదురుగా నిలుస్తాయి. ఆక్రమణకు గురైన శిఖం భూమిని చెరువుకు తిరిగి చేర్చడం మొదటిది. చెరువును పూడ్చి ప్లాట్లు చేయడం రెండవది. రెండింటికీ ఆంగ్లంలో క్రియ ఒకటే. రెండింటినీ ‘భూపునరుద్ధరణ’ అని తెలుగుచేస్తే, చెరువును కాపాడే ఉత్తర్వుకూ చెరువును మింగే ప్రతిపాదనకూ ఒకే పేరు వస్తుంది. అందువల్ల మొదటిదానికి ‘ఆక్రమణ తొలగించి చెరువుకు చేర్చు’ అనీ, రెండవదానికి ‘పూడ్చి నేలగా మార్చు’ అనీ విడమరచి చెప్పడమే మేలు.

రిడీమ్‌కు ‘తిరిగి కొను’ అని మూలార్థం. సొమ్ము చెల్లించడం ఇందులో తప్పనిసరి. 1882నాటి ఆస్తిబదిలీ చట్టం 60వ సెక్షను తాకట్టు పెట్టినవానికి ఈ హక్కును ఇస్తుంది. తెలుగు రైతుకు ఇది ‘విడిపించుకోవడం’. వలసలకు పేరుపడిన పాలమూరులో కుదువ పెట్టిన పొలాన్ని విడిపించుకోవడమనే మాటకు వివరణ అక్కరలేదు. ఇక్కడ ఒక విశేషం గమనించదగినది. ఒకే లావాదేవీలో అప్పిచ్చినవాడు రికవర్ చేస్తాడు, అప్పు తీర్చినవాడు రిడీమ్ చేస్తాడు. చేతులు మారిన సొమ్ము ఒకటే. క్రియ మాత్రం వక్త ఏ పక్షాన నిలిచాడో చెబుతుంది.

6. ఒక పథకం, అనేక క్రియలు

తెలంగాణ ప్రభుత్వం 2015 మార్చిలో ‘మన ఊరు – మన చెరువు’ పేరుతో ప్రారంభించిన మిషన్ కాకతీయ 46,531 చెరువులను లక్ష్యంగా పెట్టుకొన్నది. దాని ఆంగ్లవివరణలో ప్రధానమైన క్రియ రిస్టోర్. పనులను విడదీసి చూస్తే అందులో అనేక క్రియలు ఇమిడి ఉన్నాయి. పూడిక తీయడం ఒక పని. కట్టను బలపరచడం మరొకటి. తూము, అలుగులకు మరమ్మతు చేయడం ఇంకొకటి. పూడిన కాలువలను తిరిగి తవ్వడం వేరొకటి. తీసిన ఒండ్రును పొలాలకు తోలడంతో నేల సారాన్ని తిరిగి పొందుతుంది.

ఈ పనులన్నీ జరిగినా ఆయకట్టు చివరి మడికి నీరు అందనంతవరకు చెరువు కోలుకొన్నట్లు కాదు. మరమ్మతు జరిగినదని చెప్పడం పని గురించి. పునరుద్ధరణ జరిగినదని చెప్పడం ఫలం గురించి. ఈ రెండింటినీ కలిపివేస్తే, పని ముగిసిన చెరువులన్నీ ఫలమిచ్చిన చెరువులుగా లెక్కకు వస్తాయి.

7. ముగింపు

పై పరిశీలనవల్ల తేలిన అంశాలు ఇవి.

1. వస్తువు తిరిగి వస్తే ‘తిరిగి పొందు, రాబట్టు, వెలికితీయు, విడిపించు’ అనీ, స్థితి తిరిగి వస్తే ‘కోలుకొను, మరమ్మతు చేయు, జీర్ణోద్ధరణ చేయు, పునరుద్ధరించు’ అనీ వాడటం సముచితం.

2. హక్కుల సందర్భంలో ‘తిరిగి’ అనే మాటను వదలరాదు. హక్కు రుజువు కానిచోట దానిని చేర్చరాదు.

3. రిక్లెయిమ్ వంటి ద్వ్యర్థిక్రియలకు ఏకపదానువాదం కన్నా వివరణాత్మకానువాదమే క్షేమం.

4. ‘పునరుద్ధరించు’లోని ధాతువుకు పైకెత్తడమని అర్థం. పడినది నిజంగా లేచినిలిచినచోటనే ఆ క్రియను వాడితే దాని విలువ నిలుస్తుంది.

కొత్త పదాలను కల్పించవలసిన అవసరం ఈ విషయంలో అంతగా లేదు. పొలంలో, గుడిలో, బావిగట్టున వాడుకలో ఉన్న మాటలను అనువాదకుడు తగినచోట వాడితే చాలు.