‘యు’ తోడు లేని ‘క్యూ’

ఇంగ్లీషులో ‘క్యూ’ వెంట ‘యు’ రావాలని వరికుంటపాడు బడిపిల్లలూ వల్లె వేస్తారు. ఫకీరు, బురఖా, నిఖాబు, తలాఖు, ఖిబ్లా అనే మాటలు ఆ సూత్రానికి లొంగవు. ఇంగ్లీషులో ఇవన్నీ అయిదక్షరాలవే. అన్నింటా ‘క్యూ’ ఉంది, దాని వెంట ‘యు’ లేదు. అరబ్బీలో గొంతు లోతున పలికే ‘ఖాఫ్’ అక్షరానికి ఇక్కడ ‘క్యూ’ గుర్తు.

1938లో అమెరికాలో ఆల్ఫ్రెడ్ బట్స్ రూపొందించిన స్క్రాబుల్ ఆటలో ‘క్యూ’ బిళ్ల ఒక్కటే, విలువ 10 పాయింట్లు. ‘యు’ చేతికి రానప్పుడు అక్కరకొస్తాయని ఆటగాళ్లు ఇలాంటి మాటలను కంఠస్థం చేస్తారు. ఖిబ్లా అంటే నమాజుకు తిరిగే దిక్కని ఉదయగిరి మసీదు వీధి పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు. ఇంగ్లీషు నిఘంటువులో తమ ఇంటి మాటలూ ఉన్నాయని ఉపాధ్యాయులు చూపితే, స్పెల్లింగు భయం సగం తీరుతుంది.