ఒక బిడ్డను పోగొట్టుకున్నాక, రెండో బిడ్డ కోసం: ఏ పరీక్ష ఎందుకు?

కవలల్లో ఒకరి గుండె ఆగిపోయిందని స్కానింగ్‌లో తేలగానే ఇంట్లోవాళ్ల నోట వచ్చే మొదటి మాట, ‘వెంటనే ఆపరేషన్ చేసి రెండో బిడ్డనైనా దక్కించండి’ అని. చాలాసార్లు డాక్టర్లు దానికి ఒప్పుకోరు. ‘బిడ్డను ఇంకొన్నాళ్లు లోపలే ఉండనిద్దాం, మేం చూసుకుంటూ ఉంటాం’ అంటారు. అప్పుడే ఒక బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఆ మాట నిర్లక్ష్యంలా వినపడుతుంది. ఆపైన వరసగా స్కానింగులు, డాప్లర్లు, ఎన్‌ఎస్‌టీలు, రక్తపరీక్షలు. ఏది ఎందుకు చేస్తున్నారో విడమరిచి చెప్పేవాళ్లు తక్కువ, రద్దీ ఓపీలో నిలబడి అడిగే ధైర్యమూ తక్కువ.

ఈ దశలో కనిపెట్టుకుని ఉండటమే వైద్యం. ప్రతి పరీక్షా ఒక ప్రశ్నకు జవాబు వెతుకుతుంది. ఆ ప్రశ్నలేమిటో కుటుంబానికి తెలిస్తే భయం పూర్తిగా పోదు కానీ, దేనికి భయపడాలో దేనికి అక్కర్లేదో తెలుస్తుంది.

మాయ ఒకటా, రెండా?

అన్నిటికంటే ముందు తేలవలసింది ఇది. కొందరు కవలలకు ఎవరి మాయ వారికి ఉంటుంది. మరికొందరు ఒకే మాయను పంచుకుంటారు. రెండు మాయలున్నప్పుడు ఇద్దరి రక్తప్రసరణ దాదాపు ఎప్పుడూ వేర్వేరుగానే ఉంటుంది. ఒక బిడ్డ చనిపోయినా ఆ ప్రభావం రెండో బిడ్డ రక్తం మీద నేరుగా పడదు.

మాయ ఒకటే అయితే పరిస్థితి వేరు. ఆ మాయలో ఇద్దరి రక్తనాళాలు ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి. ఒక బిడ్డ గుండె ఆగగానే ఆ వైపు రక్తపోటు పడిపోతుంది. ఒకే కాలువతో కలిసిన రెండు మడుల్లో ఒకదానికి గండి పడితే పక్క మడిలో నీళ్లూ అటే పారినట్టు, బతికి ఉన్న బిడ్డ రక్తం అవతలి వైపు పోతుంది. బిడ్డ బీపీ ఒక్కసారిగా పడిపోతుంది, రక్తహీనత వస్తుంది, మెదడుకు అందవలసిన రక్తం అందదు.

ఈ తేడా ఎంతటిదో అంకెల్లో చూడవచ్చు. అప్పటివరకు వచ్చిన అధ్యయనాలను కలిపి 2011లో చేసిన ఒక సమీక్ష ప్రకారం, 14 వారాలు దాటాక కవలల్లో ఒకరు చనిపోతే రెండో బిడ్డకూ ప్రాణం పోయే ప్రమాదం, మాయ ఒకటైతే 100కు సుమారు 15, రెండైతే సుమారు 3. మెదడు, నరాల ఎదుగుదలలో లోపం వచ్చే ప్రమాదం మాయ ఒకటైతే 100కు సుమారు 26, రెండైతే సుమారు 2. తర్వాత వచ్చిన సమీక్షల్లో మరణాల అంకెలు ఇంతకంటే ఎక్కువగా కనిపించాయి. మాయ ఒకటైనప్పుడు ముప్పు పెద్దదన్న సంగతి మాత్రం మారలేదు. మూడో నెల లోపే ఒక పిండం ఎదుగుదల ఆగిపోయిన సందర్భాలు ఈ లెక్కలోకి రావు. అలాంటప్పుడు మిగిలిన బిడ్డ మామూలుగా ఎదగడమే ఎక్కువ.

మాయల సంఖ్య 14 వారాల లోపు చేసిన స్కానింగ్‌లోనే బాగా తెలుస్తుంది. నెలలు గడిచేకొద్దీ తేల్చడం కష్టమవుతుంది. అందుకే మొదటి స్కానింగ్ రిపోర్టు, దాంతో ఇచ్చిన ఫొటోలు భద్రంగా ఉంచుకోవాలి. ఆసుపత్రి మారినా అవి చేతిలో ఉండాలి.

వెంటనే ఆపరేషన్ ఎందుకు చేయరు?

మాయ ఒకటే అయినప్పుడు రెండో బిడ్డకు జరిగే నష్టం, మొదటి బిడ్డ గుండె ఆగిన ఆ కొద్దిసేపట్లోనే జరుగుతుంది. స్కానింగ్‌లో విషయం బయటపడేసరికి ఆ గండం గడిచిపోయి ఉంటుంది. అప్పుడు హడావిడిగా బిడ్డను బయటికి తీసినా, జరిగిన నష్టం వెనక్కి రాదు. పైగా నెలలు నిండకుండా పుట్టడం వల్ల ఊపిరితిత్తుల సమస్య, ఇన్ఫెక్షన్లు, మెదడులో రక్తస్రావం వంటి కొత్త ప్రమాదాలు తోడవుతాయి.

ఇంట్లో మనం నెలల లెక్క వేసుకుంటాం, ఆసుపత్రిలో వారాల లెక్క నడుస్తుంది. 28వ వారంలో పుట్టిన బిడ్డకూ 34వ వారంలో పుట్టిన బిడ్డకూ చాలా తేడా ఉంటుంది. లోపల క్షేమంగా గడిచిన ప్రతి వారం బిడ్డకు బలమే. తల్లికి బీపీ ప్రమాదకరంగా పెరిగినా, మాయ విడిపోయి రక్తస్రావం అవుతున్నా, బతికి ఉన్న బిడ్డ ఇబ్బందిపడుతున్నట్టు కనిపించినా లెక్క మారుతుంది. నెలలు దాదాపు నిండిపోయి ఉన్నా అంతే. అలాంటప్పుడు డాక్టర్లు కాన్పుకే మొగ్గుతారు.

ఏ పరీక్ష ఏం చెబుతుంది?

డాప్లర్: మొదటి రోజుల్లో దీనిదే ముఖ్యపాత్ర. బిడ్డ మెదడులోని ఒక ప్రధాన రక్తనాళంలో రక్తం ఎంత వేగంగా పోతోందో ఇది కొలుస్తుంది. రక్తహీనత ఉంటే రక్తం పలచబడి వేగంగా పారుతుంది. ఆ వయసు బిడ్డకు ఉండవలసిన వేగం కంటే ఒకటిన్నర రెట్లు దాటితే గట్టి రక్తహీనత ఉందని అనుమానిస్తారు. తొలి రోజుల్లో ఈ వేగం మామూలుగా ఉండటం ఊరటనిచ్చే సంగతి. బొడ్డుతాడు డాప్లర్ మాయ నుంచి బిడ్డకు రక్తం సరిగా అందుతోందో లేదో చెబుతుంది.

ఎదుగుదల స్కానింగ్: సాధారణంగా 2 నుంచి 4 వారాలకోసారి చేస్తారు. బరువు పెరుగుతోందా, ఉమ్మనీరు సరిపడా ఉందా, తల ఎదుగుదల ఎలా ఉంది అని చూస్తారు. ప్రతి స్కానింగ్‌కూ ఫారం-ఎఫ్ అనే వివరాల పత్రం నింపాలి, బిడ్డ ఆడో మగో చెప్పకూడదు అన్నది చట్టం. దూరమైన బిడ్డ విషయంలోనూ అడగకూడదు.

ఎమ్మారై: మెదడుకు దెబ్బ తగిలినా మొదటి రోజుల స్కానింగ్‌లో అది కనిపించకపోవచ్చు. మార్పులు బయటపడటానికి వారాలు పడుతుంది. అందుకే మాయ ఒకటే అయిన కేసుల్లో 4 నుంచి 6 వారాల తర్వాత బిడ్డ మెదడుకు ఎమ్మారై తీయమంటారు. అన్నాళ్లు ఆగమనడం కాలయాపన కాదు, ముందే తీస్తే అబద్ధపు భరోసా దొరికే ప్రమాదం ఉంది. ఇందులో ఎక్స్‌రే కిరణాలు ఉండవు. తీవ్రమైన నష్టం కనిపిస్తే గర్భం కొనసాగించడం గురించి కూడా మాట్లాడవలసి వస్తుంది. 2021లో సవరించిన గర్భస్రావ చట్టం ప్రకారం, 24 వారాలు దాటాక బిడ్డలో తీవ్రమైన లోపం కారణంగా తీసుకునే అలాంటి నిర్ణయాన్ని మెడికల్ బోర్డు పరిశీలించాలి.

ఎన్‌ఎస్‌టీ: ఏడో నెల దాటాక పొట్టకు బెల్టులు కట్టి కనీసం 20 నిమిషాలు బిడ్డ గుండె చప్పుడును కాగితం మీద నమోదు చేస్తారు. నిమిషానికి 110 నుంచి 160 మధ్య ఉండటం మామూలు. బిడ్డ కదిలినప్పుడు ఆ వేగం కాసేపు పెరగాలి. బిడ్డ నిద్రలో ఉంటే గీత చదునుగా రావచ్చు, అప్పుడు ఇంకో 20 నిమిషాలు చూస్తారు. అదొక్కటే చూసి కంగారుపడనక్కర్లేదు. యంత్రం ఒక్కోసారి తల్లి నాడినే పట్టుకుంటుంది కాబట్టి, నర్సు మీ మణికట్టు పట్టి సరిచూస్తే అది మంచి పద్ధతి.

స్టెరాయిడ్ ఇంజెక్షన్లు: 34 వారాల లోపు కాన్పు అయ్యేలా ఉంటే బిడ్డ ఊపిరితిత్తులు బలపడటానికి ఇస్తారు. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఎక్కువగా డెక్సామెథాసోన్ 6 మిల్లీగ్రాముల చొప్పున 12 గంటలకొకటి, మొత్తం 4 ఇంజెక్షన్లు వేస్తారు. వీటివల్ల కొన్ని రోజులు తల్లికి షుగర్ పెరగవచ్చు.

తల్లి క్షేమం

‘చనిపోయిన బిడ్డ లోపలే ఉంటే తల్లికి విషం ఎక్కదా?’ ఇది పెద్దవాళ్లందరి భయం. ఉమ్మనీటి సంచి చెక్కుచెదరకుండా ఉన్నంతవరకు అలా విషం ఎక్కదు. ఆ బిడ్డ శరీరం మెల్లగా కుంచించుకుపోతుంది. తల్లి రక్తం గడ్డకట్టే గుణం దెబ్బతినడం కవలల గర్భంలో అరుదు. అయినా ప్లేట్‌లెట్లు, రక్తం గడ్డకట్టే పరీక్షలు చేసి చూసుకునే ఆసుపత్రులు ఉన్నాయి. తల్లిది నెగిటివ్ బ్లడ్ గ్రూపు అయితే యాంటీ-డి ఇంజెక్షన్ అవసరమా అని తప్పకుండా అడగాలి.

కవలల గర్భంలో బీపీ పెరగడం ఎక్కువ. ఒక్కోసారి మొదటి బిడ్డ పోవడానికి కారణమూ అదే. కాబట్టి బీపీ, మూత్రంలో ప్రొటీన్, రక్తహీనత, షుగర్ పరీక్షలను చిన్నచూపు చూడకూడదు. పూర్తిగా మంచానికే పరిమితమైతే నెలలు నిండకముందే వచ్చే కాన్పు ఆగుతుందన్న నమ్మకానికి ఆధారం లేదు. కదలకుండా పడుకుంటే కాళ్లలో రక్తం గడ్డలు కట్టే ప్రమాదమే పెరుగుతుంది. బరువు పనులు మానాలి, ఇంట్లో అటూ ఇటూ నడవాలి.

బిడ్డ కదలికలు తగ్గినా, రక్తం కనిపించినా, ఉమ్మనీరు పోయినా, పొట్ట మాటిమాటికీ బిగుసుకుంటున్నా, జ్వరం వచ్చినా, విపరీతమైన తలనొప్పి, చూపు మసకబారడం, పొట్ట పైభాగంలో నొప్పి ఉన్నా తెల్లవారేదాకా ఆగకూడదు. 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్లిపోవాలి.

కాన్పు ఎప్పుడు, ఎక్కడ?

అంతా నిలకడగా ఉంటే, మాయ ఒకటే అయినప్పుడు 34 నుంచి 36 వారాల మధ్య కాన్పు చేయడం అంతర్జాతీయ మార్గదర్శకాల్లో ఉన్న మాట. రెండు మాయలుంటే, వేరే సమస్య లేకపోతే 37 వారాల దాకా ఆగవచ్చు. ఒక బిడ్డ పోయినంత మాత్రాన సిజేరియనే చేయాలని లేదు. బతికి ఉన్న బిడ్డ తల కిందికి ఉండి, మిగతావన్నీ సవ్యంగా ఉంటే మామూలు కాన్పుకూ అవకాశం ఉంటుంది.

చోటు ఎంచుకోవడంలో మాత్రం రాజీ పడకూడదు. నెలలు నిండని పసికందుకు వెంటిలేటర్, రక్తం, రాత్రివేళా పిల్లల డాక్టరు ఉన్న ఆసుపత్రిలోనే కాన్పు జరగాలి. బిడ్డ పుట్టాక అంబులెన్సులో తరలించడం కంటే తల్లి కడుపులో ఉండగానే పెద్దాసుపత్రికి చేరడం ఎంతో క్షేమం. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు, మందులు, పరీక్షలు, రక్తం, రవాణా, జబ్బుపడిన పసిబిడ్డకు ఏడాది వరకు వైద్యం ఉచితంగా ఇవ్వాలని 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం చెబుతోంది. ఆశా కార్యకర్తను అడిగితే దారి చూపిస్తుంది.

కాన్పయ్యాక మాయను ల్యాబ్‌కు పంపమని అడగండి. మాయలు ఎన్నో, ఏం జరిగి ఉంటుందో కొంతైనా తెలుస్తుంది. బిడ్డకు హిమోగ్లోబిన్ చూస్తారు, మాడు మీదుగా మెదడు స్కానింగ్ చేస్తారు. అప్పుడు అంతా బాగున్నా రెండేళ్లు నిండేదాకా ఎదుగుదల చూపిస్తూ ఉండాలి. మెడ నిలపడం, కూర్చోవడం, నడవడం, మాటలు ఆలస్యమైతే ఎదుగుదల లోపాలకు ముందుగానే చికిత్స ఇచ్చే జిల్లా స్థాయి డీఈఐసీ కేంద్రాల్లో ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ దొరుకుతాయి. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు.

దుఃఖాన్ని వాయిదా వేయమనకండి

‘ఒకరైనా మిగిలారు కదా, ఏడిస్తే ఆ బిడ్డకు మంచిది కాదు’ అని చుట్టాలు మంచి మనసుతోనే అంటారు. ఆ మాట తల్లి నోరు నొక్కేస్తుంది. బతికి ఉన్న బిడ్డ మీద ఆశ, పోయిన బిడ్డ మీద దుఃఖం ఒకే మనసులో ఒకేసారి ఉంటాయి. ఒకటి ఉందని రెండోది తప్పు కాదు. ఆమె ఏడవడం వల్ల బిడ్డకు కీడు జరగదు. ‘నేనేదో తిన్నందుకో, మెట్లెక్కినందుకో ఇలా అయింది’ అని ఆమె తనను తాను నిందించుకుంటుంటే భర్త, అమ్మ, అత్త గట్టిగా కాదని చెప్పాలి. మాయలో రక్తం పంపిణీ లోపం, బొడ్డుతాడు సమస్య, పిండంలో లోపం, బీపీ, ఇవే సాధారణంగా ఉండే కారణాలు. ఇవి ఆమె చేతిలో లేనివి.

పోయిన బిడ్డను చూడాలా, ఎత్తుకోవాలా అన్నది తల్లిదండ్రుల ఇష్టం. కాన్పుకు ముందే నర్సుకు చెప్పి ఉంచితే ఆ వేళ ఎవరో తొందరపడి ఆమె తరఫున నిర్ణయించరు. నిద్ర పట్టకపోయినా, బతకాలని లేదన్న ఆలోచన వచ్చినా టెలీ మానస్ 14416 నంబరులో తెలుగులో మాట్లాడవచ్చు. రోజంతా పనిచేసే ఉచిత సేవ అది.

తర్వాతి ఓపీకి వెళ్లేటప్పుడు ఈ ఐదు ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్లండి. మాయ ఒకటా, రెండా? మెదడు డాప్లర్ ఎలా ఉంది? ఎమ్మారై అవసరమా, ఎప్పుడు? ఏ వారానికి కాన్పు అనుకుంటున్నారు? ఆ రోజు పిల్లల డాక్టరు, వెంటిలేటర్ ఉంటాయా? జవాబులు అక్కడే రాసుకోండి, అర్థం కాకపోతే మళ్లీ అడగండి. ఇన్ని వారాలు తల్లి, డాక్టరు కలిసి మోయవలసిన బాధ్యత ఇది. ఆ తల్లికి అన్నీ తెలిసి ఉండాలి.